ఫార్ములా 1 (ఎఫ్1) కార్లు బరువెక్కి, రేసులు చప్పబడటానికి భద్రతే కారణమా?

గ్రిడ్‌వాక్:

ఈమధ్య తీరిక దొరికినప్పుడల్లా 2004–2008 మధ్య జరిగిన రేసులు మళ్లీ చూస్తున్నాను. ఆ కార్లలో ఒక చురుకుదనం ఉంది. షికేన్‌లో ఎడమకు తిప్పి వెంటనే కుడికి తిప్పినా ముక్కు అలా తిరిగిపోతుంది, ఎక్కడా తడబాటు ఉండదు. ఈమధ్యకాలం కార్లు ల్యాప్ టైమ్ ప్రకారం వాటికేమీ తీసిపోవు, చాలా ట్రాక్‌ల మీద వేగంగానే ఉన్నాయి, కానీ నెమ్మది మలుపుల్లో ఆ బరువు చూసేవాళ్లకే తెలిసిపోతోంది. 2008లో డ్రైవర్‌తో కలిపి కనీస బరువు 605 కిలోలు. 2022కి అది 798, 2025కి 800. 2025 వరకు వెడల్పు రెండు మీటర్లు. మొనాకోలో అలాంటి రెండు కార్లు పక్కపక్కన పట్టే చోటే దాదాపు లేదు, అందుకే 2025లో అక్కడ ఒక్కొక్కరూ కనీసం మూడు సెట్ల టైర్లు వాడాలని ప్రత్యేకంగా రూల్ పెట్టినా ట్రాక్ మీద పోటీ మాత్రం పెరగలేదు.

ఎవర్ని అడిగినా ఒకటే మాట, "సేఫ్టీ పేరుతో ట్యాంకుల్లా చేసేశారు" అని. నిజంగా అంతేనా? హాలో (డ్రైవర్ తల చుట్టూ ఉండే రక్షణ చట్రం), క్రాష్ టెస్టులు ఇవే కార్లను ఇలా చేశాయా, లేక ఇంకేమైనా ఉందా? ఇంకో సందేహం. డీఆర్ఎస్ (ఓవర్‌టేక్ కోసం వెనక రెక్కను తెరిచే ఏర్పాటు), కావాలనే త్వరగా అరిగిపోయేలా చేసిన టైర్లు, ఇలాంటివి లేకుండా రేసు రక్తి కట్టదా? టెక్నాలజీని పూర్తిగా వదిలేస్తే ఏమవుతుంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, చదవడానికి ఓపిక ఉంది.

పుష్‌రాడ్:

బరువు సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే అక్కడ లెక్కలు దాచలేం.

పెద్ద గెంతులు ఎప్పుడెప్పుడు వచ్చాయో చూడండి. 2013లో కనీస బరువు 642 కిలోలు, 2014లో 691. ఆ ఒక్క ఏడాదిలో మారింది ఏమిటంటే, 2.4 లీటర్ల వీ8 పోయి 1.6 లీటర్ల టర్బో వీ6, దానికి తోడు పెద్ద బ్యాటరీ, రెండు ఎలక్ట్రిక్ మోటార్లు, వాటన్నిటినీ చల్లబరిచే రేడియేటర్లు, పైపులు వచ్చాయి. అంటే ఆ యాభై కిలోలూ దాదాపుగా హైబ్రిడ్ ఖాతాలోనివే. 2017లో కార్లను, టైర్లను వెడల్పు చేశారు, మళ్లీ బరువు పెరిగింది, ఈసారి కారణం కార్లు వేగంగా, గంభీరంగా కనిపించాలన్న కోరిక. 2018లో హాలో వచ్చింది. టైటానియంతో చేసిన ఆ ఫ్రేమ్ ఒక్కటీ సుమారు 7 కిలోలు. దాన్ని మోయడానికి ఛాసీని గట్టి చేయాలి కాబట్టి ఇంకొంత కలుస్తుంది, అయినా ఆ ఏడాది కనీస బరువు పెంచింది ఐదారు కిలోలే. ఇక 2021లో 752 ఉన్నది 2022లో ఏకంగా 798 అయింది. ఇందులో క్రాష్ టెస్టులు కఠినం చేయడం వల్ల వచ్చిన వాటా తప్పకుండా ఉంది, కాదనను, కానీ 18 అంగుళాల చక్రాలు, వాటి పెద్ద టైర్లు, వీల్ కవర్లు, ఇవి కూడా అక్కడే చేరాయి.

అదీగాక 2019 నుంచి డ్రైవర్‌కూ సీటుకూ కలిపి 80 కిలోలు అని విడిగా లెక్క కట్టారు. అంతకుముందు పొడుగ్గా ఉండే డ్రైవర్లు కారు బరువు తగ్గించడం కోసం కడుపు మాడ్చుకునేవాళ్లు. కనీస బరువు పెరగడం ప్రతిసారీ చెడ్డదే కానక్కర్లేదు.

పొడవు కూడా భద్రత కోసం పెరిగింది కాదు. ఫ్లోర్, అంటే కారు అడుగు భాగం, ఎంత పొడుగ్గా ఉంటే అంత డౌన్‌ఫోర్స్ (గాలి కారును రోడ్డుకు అదిమే బలం) రాబట్టొచ్చు, అందుకే టీములు తమంతట తామే వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) సాగదీసుకుంటూ పోయాయి, 2022లో 3,600 మిల్లీమీటర్ల గరిష్ఠ పరిమితి పెట్టేదాకా.

రేసు చప్పబడటానికి అసలు కారణం బరువుకన్నా గాలి. ముందున్న కారు రెక్కలు, ఫ్లోర్, చక్రాలు చిందరవందర చేసిన గాలినే మనం డర్టీ ఎయిర్ అంటున్నాం. వేగమైన పొడుగు మలుపులో వెనకాల వస్తున్న డ్రైవర్‌కు ఏం జరుగుతుందో ఊహించండి. ఫ్రంట్ వింగ్‌కు శుభ్రమైన గాలి అందదు, ముందు చక్రాల పట్టు సడలుతుంది, కారు తిరగాల్సినంత తిరగదు, స్టీరింగ్ ఇంకాస్త తిప్పుతాడు, టైరు రోడ్డును పట్టుకోవాల్సింది పోయి పక్కకు జారుతూ రుద్దుకుంటుంది, పైపొర వేడెక్కిపోతుంది. మూడు నాలుగు ల్యాపులు అలా వెంటాడితే టైరు అయిపోయినట్టే. అందుకే రేడియోలో ఇంజనీర్ రెండు సెకన్లు వెనక్కి తగ్గమంటాడు, మనమేమో ఇంటి దగ్గర కూర్చుని "ఎందుకు దాడి చేయట్లేదు వీడు" అని తిట్టుకుంటాం. 2022 రూల్స్ ప్రకటించినప్పుడు ఎఫ్1 ఇచ్చిన లెక్క ప్రకారం, పాత తరం కారు ముందున్న కారుకు 20 మీటర్ల దూరంలో 35 శాతం డౌన్‌ఫోర్స్ కోల్పోయేది, 10 మీటర్లకు వస్తే 46 శాతం. కొత్తవాటిలో అది 4, 18 శాతానికి దిగింది. మొదటి ఏడాది తేడా కళ్లకు కనబడింది కూడా. ఆ తర్వాత టీములు ఫ్రంట్ వింగ్ చివర్లు, ఫ్లోర్ అంచులు చెక్కి చెక్కి గాలిని మళ్లీ బయటికి నెట్టే దారులు వెతికాయి, 2024–25 నాటికి డ్రైవర్లు మళ్లీ పాత పాటే అందుకున్నారు.

ఇంకో సంగతి, కార్బన్ బ్రేకులకు అంత డౌన్‌ఫోర్స్ తోడైతే గంటకు 300 కిలోమీటర్ల మీద వస్తున్న కారు దాదాపు వంద మీటర్లలోనే హెయిర్‌పిన్ (వెనక్కి తిరిగే బిగుతు మలుపు) వేగానికి దిగిపోతుంది. బ్రేకింగ్ జోన్ అంత కురచగా ఉంటే ఇద్దరిలో ఎవరు ఆలస్యంగా బ్రేక్ వేశారన్న పోటీకి చోటెక్కడ? కార్నర్‌లో పట్టు ఎంత పెంచితే ఓవర్‌టేక్ చేసే జాగా అంత తగ్గుతుంది. చప్పదనం ఇందులో ఉంది గానీ హాలోలో లేదు.

పాతపాడాక్:

పుష్‌రాడ్ గారు లెక్కలు చెప్పారు, నేను వేరే వైపు నుంచి వస్తాను. "సేఫ్టీ వల్ల చెడిపోయింది" అన్న మాట వినబడినప్పుడల్లా నాకు కోపం వస్తుంది, దాచుకోను.

1966లో బెల్జియంలో, స్పా ట్రాక్ మీద, మొదటి ల్యాప్‌లోనే వాన కొట్టింది. జాకీ స్టీవర్ట్ కారు ట్రాక్ దాటి పోయి నుజ్జయింది. స్టీరింగ్ కాలు మీదికి వచ్చి ఇరుక్కుపోయాడు, పెట్రోలు కారి ఒళ్లంతా తడిసిపోయింది. ఒక్క నిప్పురవ్వ పడితే అంతే సంగతులు. దగ్గరలో డాక్టర్ లేడు, పనిముట్లు లేవు. అదే చోట కారు అదుపు తప్పిన గ్రాహమ్ హిల్ దిగి వచ్చి, రేసు చూడటానికి వచ్చినవాళ్ల దగ్గర స్పానర్ అడిగి తెచ్చి, స్టీరింగ్ ఊడదీసి బయటికి లాగాడు. ఆ తర్వాత స్టీవర్ట్ తన కారులో స్టీరింగ్ దగ్గర ఒక స్పానర్ టేపుతో అంటించుకుని తిరిగేవాడు. సీటు బెల్టులు, మొహమంతా కప్పే హెల్మెట్లు, ట్రాక్ పక్కన సరైన బ్యారియర్లు, డాక్టర్లు ఇవన్నీ కావాలని అడిగినందుకు అతన్ని పిరికివాడన్నవాళ్లు ఉన్నారు. మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన మనిషిని!

ఇక 2020 నవంబర్ 29, బహ్రెయిన్. రొమాన్ గ్రోజాన్ మొదటి ల్యాప్‌లోనే గంటకు 192 కిలోమీటర్ల వేగంతో గార్డ్‌రెయిల్‌ను గుద్దాడు, 67 జీ, అంటే భూమి ఆకర్షణకు 67 రెట్ల దెబ్బ. కారు రెండు ముక్కలైంది, ఇంజన్ ఉన్న వెనక భాగం బయటే ఉండిపోయింది, మనిషి ఉన్న ముందు భాగం ఇనుప రేకుల మధ్యలోంచి దూసుకుపోయి మంటల్లో చిక్కుకుంది. తల ఉన్న ఎత్తులో వచ్చిన రేకును హాలో పక్కకు నెట్టింది. మెడను హాన్స్ పరికరం కాపాడింది, ఒళ్లు కాలకుండా ఆ ఏడాదే తప్పనిసరి చేసిన కొత్త ప్రమాణాల సూట్ కాపాడింది. దాదాపు 28 సెకన్ల తర్వాత, ఎడమ కాలి బూటు లోపలే ఉండిపోయి, తనంతట తాను బయటికి వచ్చాడు. చేతులు కాలాయి, అంతే. అంతకుముందు హాలో వద్దన్న డ్రైవర్లలో ఆయనా ఒకరు, ఆస్పత్రి మంచం మీంచే మాట మార్చుకున్నాడు.

హాలో మాట ఎత్తినప్పుడు 2018లో జనం ఏమన్నారో గుర్తుందా? కారు అందం పోయింది, డ్రైవర్ కనబడడు అని. ఆ ఏడాదే స్పాలో ఆలోన్సో కారు ఎగిరి లెక్లెర్క్ తల మీదుగా వెళ్లింది, హాలో మీద చక్రం మరక మిగిలింది. 2021లో మోంజాలో వెర్‌స్టాపెన్ కారు వెనక చక్రం హ్యామిల్టన్ తల మీదికి ఎక్కింది. 2022లో సిల్వర్‌స్టోన్‌లో ఝౌ గ్వాన్యూ కారు తిరగబడి జారుకుంటూ పోయి, టైర్ల గోడ దాటి, ఆ గోడకూ కంచెకూ మధ్యలో పడింది, రోల్ హూప్ (కారు తిరగబడితే కాపాడటానికి డ్రైవర్ తల వెనక ఉండే భాగం) విరిగిపోయినా హాలో నిలబడింది. ఈ నలుగురూ మళ్లీ నడిచి వచ్చారు కాబట్టే మనం రేసులు బాగున్నాయా లేదా అని మాట్లాడుకుంటున్నాం. 1994లో ఇమోలాలో శనివారం రాట్జెన్‌బర్గర్, ఆదివారం సెనా పోయినప్పుడు ఓవర్‌టేక్‌ల గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఫుల్‌థ్రాటిల్:

పాతపాడాక్ అన్నా, డ్రైవర్ చావాలని ఎవరూ కోరుకోవట్లేదు. నా బాధ వేరు. ప్రమాదం తగ్గాలి, కష్టం తగ్గకూడదు. ఈ రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడుతున్నారు జనం.

ట్రాక్ పక్కన రెండు కిలోమీటర్ల తారు రనాఫ్ (అదుపు తప్పిన కారుకు వదిలే ఖాళీ జాగా) పెట్టేశారనుకోండి, డ్రైవర్ తప్పు చేసినా ఏమీ కాదు, వెడల్పుగా పోయి తిరిగి వచ్చేస్తాడు. అప్పుడు ట్రాక్ అంచున ఉండే తెల్లగీత దాటాడా లేదా అని వీడియోలు చూసుకోవాల్సి వస్తుంది. 2023 ఆస్ట్రియా రేసులో గీత దాటిన ఉదంతాలు 1,200 పైగా పరిశీలనకు వచ్చాయి, రేసు అయిపోయిన కొన్ని గంటలకు ఫలితాలు మారాయి. మరుసటి ఏడాది చివరి మలుపుల్లో గీత పక్కనే సన్నగా కంకర పట్టీ వేశారు. సమస్య దాదాపు మాయం. ఎవరికీ దెబ్బ తగల్లేదు, తప్పుకు మాత్రం వెల వచ్చింది. నాకు కావలసింది అదీ.

టెక్నాలజీని వదిలేయమని కూడా అనను. ఆ సరదా తీరింది ఇదివరకే. 1978లో బ్రాబమ్ టీము కారు వెనకాల పెద్ద ఫ్యాన్ పెట్టి కింద గాలి లాగేసింది, స్వీడన్‌లో లౌడా దాంతో గెలిచాడు, ఒక్క రేసుతో ఆ కారు కథ ముగిసింది. 1992లో విలియమ్స్ టీము యాక్టివ్ సస్పెన్షన్‌తో (కారు ఎత్తును కంప్యూటరే సర్దే ఏర్పాటు) మాన్సెల్ మిగతావాళ్లను ఆటలోంచి తీసేశాడు. ఇంజనీరింగ్‌గా చూస్తే అద్భుతం, ఆ కారు బొమ్మ ఇప్పటికీ నా ఫోన్ వాల్‌పేపర్, కానీ పోటీగా చూస్తే మొదటి ఐదు రేసులూ అతనే గెలిచేశాడు, ఇక చూడటానికి ఏముంది? ర్యాలీ రేసుల్లో గ్రూప్ బీ అనే తరగతి కార్ల సంగతి ఇంకా ఘోరం. పవర్ మీద అదుపు లేదు, జనం రోడ్డు మీదే నిలబడేవాళ్లు. 1986లో పోర్చుగల్‌లో ప్రేక్షకులు చనిపోయారు, రెండు నెలలకే కోర్సికాలో హెన్రీ టోయివోనెన్, సెర్జియో క్రెస్టో మంటల్లో పోయారు. ఆ ఏడాదితో ఆ కార్లు ఆగిపోయాయి.

నన్నడిగితే డౌన్‌ఫోర్స్ సగానికి కోసేయాలి, పవర్ ఉంచాలి. మలుపులోంచి బయటికి వచ్చేటప్పుడు వెనక చక్రాలు తిరుగుతూ ఉంటే, కాలితో థ్రాటిల్‌ను సర్దుకుంటూ పట్టుకోగలిగినవాడే ముందుకెళ్లాలి. మలుపులో వేగం తగ్గితే గుద్దినప్పుడు దెబ్బా తగ్గుతుంది, చూసేవాడికి డ్రైవర్ పడే తంటా కూడా కనబడుతుంది. భద్రతా, వినోదమూ ఒకే వైపు లాగే చోటు ఇదొక్కటే ఉంది, దాన్నే ముట్టుకోరు. ఎందుకంటే ల్యాప్ టైమ్ నాలుగైదు సెకన్లు పెరిగితే పరువు పోతుందని భయం.

ఓవల్‌పిచ్చి:

వేగం తగ్గిస్తే అన్నీ బాగుపడతాయని మాత్రం అనుకోవద్దు, ఎలా తగ్గించామన్నది ముఖ్యం. అమెరికాలో జరిగే నాస్‌కార్ రేసులు చూడండి. 1987లో టల్లడేగాలో బిల్ ఎలియట్ గంటకు 212.809 మైళ్లతో, అంటే 342 కిలోమీటర్ల పైచిలుకుతో క్వాలిఫై అయ్యాడు. ఆ రేసులోనే బాబీ ఆలిసన్ కారు టైరు పోయి గాల్లోకి లేచి ప్రేక్షకుల ముందున్న కంచెను చీల్చింది. 1988 నుంచి డేటోనా, టల్లడేగాలలో ఇంజన్‌కు గాలి తగ్గించే రిస్ట్రిక్టర్ ప్లేట్లు పెట్టారు. వేగం తగ్గింది నిజమే. కానీ అందరి పవరూ ఒకేలా తగ్గి, ఎవరూ థ్రాటిల్ మీంచి కాలు తీయక్కర్లేకపోయేసరికి, ముప్పై నలభై కార్లు ఒకే గుంపుగా బంపర్‌కు బంపర్ ఆనించి తిరగడం మొదలుపెట్టాయి. చూడటానికి ఒళ్లు జలదరిస్తుంది, కానీ ఒక్కడు జారితే ఇరవై కార్లు పోతాయి. ఒక కారు గాల్లోకి లేవకుండా చేసిన పని ఇంకో రకం ప్రమాదాన్ని తెచ్చింది, దానికే టికెట్లు అమ్ముడవుతున్నాయి.

టైర్లూ అంతే. త్వరగా అరిగే టైర్లు కావాలని ఎఫ్1 వాళ్లే అడిగారు, 2011 నుంచి టైర్ల కంపెనీ పిరెల్లీ అలాగే చేసింది, పిట్ స్టాప్‌లు పెరిగి రేసులు గందరగోళంగా, సరదాగా మారాయి. 2013 సిల్వర్‌స్టోన్‌లో హ్యామిల్టన్‌తో మొదలుపెట్టి ఒకరి తర్వాత ఒకరికి ఎడమ వెనక టైరు పేలుతుంటే, వెనకాల వస్తున్నవాళ్ల మొహాల మీదికి రబ్బరు ముక్కలు ఎగిరిపడ్డాయి. అప్పటికి హాలో కూడా లేదు.

గ్రిడ్‌వాక్:

అందరికీ థాంక్స్, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. ఫుల్‌థ్రాటిల్ చెప్పిన కష్టం-ప్రమాదం తేడా బాగా పట్టుకుంది నన్ను. రెండు చిన్న ప్రశ్నలు. 2026 రూల్స్ ఈ గొడవలో ఎటు మొగ్గాయి? ఇంకా, వాన పడితే రేసు ఆపేయడం ఏమిటి? 2021 స్పాలో సేఫ్టీ కార్ వెనక కొన్ని ల్యాపులు తిప్పి సగం పాయింట్లు ఇచ్చేశారు, టికెట్ కొని రోజంతా తడిసినవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోయింది. పాత కార్లు వానలో పరుగెత్తాయి కదా?

పుష్‌రాడ్:

2026 సంగతి. కనీస బరువు 768కి దించారు, వీల్‌బేస్ 3,400 మిల్లీమీటర్లు, వెడల్పు 1,900, టైర్లు కూడా సన్నబడ్డాయి. దీంతో పాటే రోల్ హూప్ తట్టుకోవాల్సిన బలం 16 జీ నుంచి 20 జీకి పెంచారు, ముక్కు భాగం మొదటి దెబ్బకే ఊడిపోయి రెండో దెబ్బకు ఏ రక్షణా లేకుండా పోకుండా రెండు అంచెలుగా చేయమన్నారు. అంటే బరువు 30 కిలోలకు పైగా దిగుతున్నప్పుడే క్రాష్ టెస్టులు కఠినమయ్యాయి. "సేఫ్టీ వల్లే ట్యాంకులు" అనేవాళ్లకు ఇది చూపించండి.

డీఆర్ఎస్ పోయింది. నేరుగా సాగే రోడ్డు మీద ముందు, వెనక రెక్కలు అందరికీ తెరుచుకుంటాయి, ఒక సెకను లోపు వెంటాడుతున్నవాడికి మాత్రం అదనపు ఎలక్ట్రిక్ శక్తి వాడుకునే వీలుంటుంది. ఎలక్ట్రిక్ మోటార్ 120 కిలోవాట్ల నుంచి 350కి పెరిగింది, మొత్తం శక్తిలో దాదాపు సగం. నాకు అసంతృప్తి ఉన్నది ఇక్కడే. బ్యాటరీ నింపుకోవడానికి డ్రైవర్ నేరుగా ఉన్న రోడ్డు మీదే కాలు తీయాల్సి వస్తే, దాన్ని చూసి ఎవరికీ ఒళ్లు పులకరించదు. పైగా ఒకడి దగ్గర 350 కిలోవాట్లు ఉండి, ముందున్నవాడి దగ్గర అయిపోతే రెండు కార్ల మధ్య వేగం తేడా ఒక్కసారిగా పెరుగుతుంది, అది భద్రత కోణంలో కూడా గమనించాల్సిన విషయం. ఫుల్‌థ్రాటిల్ కోరినట్టు డౌన్‌ఫోర్స్ కొంత తగ్గించారు గానీ సగం కాదు.

వాన గురించి. సమస్య పట్టు కాదు, చూపు. ఆ వెడల్పాటి టైర్లు రోడ్డు మీద నీళ్లను పైకి తోడి పోస్తాయి, కారు అడుగున వెనక చివర ఉండే డిఫ్యూజర్ కిందనుంచి గాలిని ఎంత గట్టిగా పైకి విసురుతుందో ఆ నీటి తుంపరను కూడా అంతే ఎత్తుకు లేపుతుంది. వెనకాల 250 వేగంతో వస్తున్నవాడికి ముందు కారు ఎర్ర లైటు కూడా కనబడదు, మలుపు ఎక్కడుందో గుర్తుపెట్టుకుని తిరగాలి. ఎవరైనా ట్రాక్ మధ్యలో ఆగి ఉంటే గుద్దేదాకా తెలియదు. 2014 సుజుకాలో వానలో జారిన జూల్స్ బియాంకి, వేరే కారును తీయడానికి వచ్చిన ట్రాక్టర్‌ను గుద్దాడు, తొమ్మిది నెలల తర్వాత చనిపోయాడు, ఆ దెబ్బకు ఏ కారు నిర్మాణమూ ఆగేది కాదు. కాబట్టి ఆపేవాళ్లను తప్పుపట్టలేను. పరిష్కారం కారు గీసే దశలోనే వెతకాలి. చక్రాల మీద తొడుగులు పెట్టి, ఎఫ్1 రూల్స్ పెట్టే సంస్థ ఎఫ్ఐఏ పరీక్షలు చేసింది, ఆశించినంత తేడా రాలేదు, ఎందుకంటే తుంపర టైర్ల నుంచే కాదు, కారు కిందనుంచి కూడా వస్తోంది. ఫ్లోర్ ఆకారాన్ని వాన కోసం మార్చాలంటే ఎండలో డౌన్‌ఫోర్స్ వదులుకోవాలి. ఏ టీమూ తనంతట తాను ఆ పని చేయదు, రూల్‌గా రాస్తేనే అవుతుంది.

ఫుల్‌థ్రాటిల్:

చూశారా, మళ్లీ డౌన్‌ఫోర్స్ దగ్గరికే వచ్చాం. మలుపులో పట్టు, వెంటాడే వీలు, బ్రేకింగ్ దూరం, వానలో చూపు, నాలుగింటికీ అడ్డుపడేది అదే. ఆ నాలుగైదు సెకన్లు ఇచ్చేయమనండి, వాన రేసుకు టికెట్ కొనే మొదటివాణ్ణి నేనే.